ఆశ్రయపురంలో ఆరో గది

అక్క పాదాలకు, పరాయి ఊళ్లో తలదాచుకున్న తమ్ముడు రాసేది.

అక్కా, నేను మనిషిని చంపేశాను.

కంగారుపడకు. కావాలని కాదు. మా వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన లేడూ, ఆయన కొత్త మేడ మీద తలుపు చట్రం బిగిస్తున్నాను. సుత్తి ఎత్తేసరికి చేతిలో పిడి మాత్రమే మిగిలింది. ఇనుప తల ఎగిరి కింద నిలబడ్డ ఆయన నెత్తిన పడింది. తొంగి చూస్తే వెల్లకిలా పడున్నాడు, ఉలుకూ పలుకూ లేదు. పిడి అక్కడే పారేసి, వెనక మెట్లు దిగి పారిపోయాను.

సెలవుల్లో మా వీధికొచ్చినప్పుడు అందరినీ కూర్చోబెట్టి నువ్వు చెప్పిన పాఠం మర్చిపోతానా? గొడ్డలి ఊడి పక్కవాడికి తగిలి చస్తే, కొట్టినవాడు ఆశ్రయపురానికి పారిపోవచ్చని మోషే ధర్మశాస్త్రంలో ఉందన్నావు. నల్లబల్ల మీద పటం గీసి, "మనకైతే నది అవతలి పట్టణం అనుకోండి" అన్నావు. అనుకున్నాను. వచ్చేశాను. ఇక్కడున్నది ఒకటే లాడ్జి. ఆరో నంబరు గది.

అక్కడి ప్రధాన యాజకుడు చనిపోయేదాకా ఊరు దాటకూడదన్నావు కదా. ఇక్కడి పాదిరిగారిని చూసొచ్చాను. ముప్పై ఐదేళ్లుంటాయి. పొద్దున్నే పరుగెడుతున్నాడు.

ఇట్లు,
దిక్కులేని నీ తమ్ముడు

తా.క.: కంగారులో ఒక చెప్పు మేడ అంచునే వదిలేశాను. ఒంటి చెప్పుతో తిరుగుతుంటే కుంటివాడనుకుని జాలిపడుతున్నారు.

* * *

తమ్ముణ్ని దీవించి, వెంటనే మొట్టికాయ వేసి అక్క రాసేది.

సగం పాఠం విని పరుగెత్తావురా! ఆశ్రయం దొరికేది అంతకుముందు పగ లేనివాడికే. ఆయనతో నీకేమైనా తగాదా ఉందా? ఇంకో మాట. తన ఎద్దు పొడుస్తుందని తెలిసీ కట్టేయకపోతే తప్పు యజమానిదే అని కూడా చెప్పాను. ఆ పిడి వదులని నీకు ముందే తెలుసా? దాచకుండా రాయి.

పాదిరిగారి చావు కోరుకున్నావో, చెవి మెలేస్తాను. వెనకటికి యాజకుల తల్లులు ఆ భయంతోనే, పారిపోయి వచ్చినవాళ్లకి అన్నం, బట్టలు పంపేవారట.

నీ అక్క

తా.క.: ఆయనకి ఊపిరి ఆడుతోందో లేదో చూశావా?

* * *

అక్కకు, అన్నం సయించని తమ్ముడు రాసేది.

ఊపిరి చూడలేదు. నా ఊపిరే నాకు అందలేదు.

తగాదా ఉందక్కా. మేడకి పిట్టగోడ కట్టించమని పోరాను. ఎవరైనా పడితే హత్యదోషం ఇంటిమీదికొస్తుందని నువ్వేగా చెప్పావు! దండగ ఖర్చన్నాడు. మాటా మాటా పెరిగింది. "నీ తల పగల!" అన్నాను. "నువ్వే పడి చావు!" అన్నాడు. మర్నాడే ఇలా అయింది. పిడి వదులని నెల నుంచీ తెలుసు. చీల కొట్టాలి, కొట్టాలి అనుకుంటూనే ఉన్నాను. నా సుత్తి పొడిచే ఎద్దేనక్కా. ఆ తిట్టు నిజంగా మనసులోంచే వచ్చిందేమోనని తలుచుకుంటే నామీద నాకే భయమేస్తోంది.

ఇక ఏడో నంబరు గది. నేను దిగిన మర్నాడే అందులోకి ఎవడో వచ్చాడు. బయటికి రాడు. గోడకి చెవి ఆనిస్తే ఇనుము గీకుతున్న చప్పుడు. నేను దగ్గితే ఆ చప్పుడు ఆగిపోతుంది. చచ్చినవాడి బంధువు పగ తీర్చుకోవడానికి వెతుక్కుంటూ వస్తాడన్నావు కదా. గడియారాలాయన తమ్ముడిది మాంసం కొట్టు! కత్తి నూరుతున్నాడక్కా. తలుపు సందులో చీల పెట్టి, రాయితో కొట్టి బిగించాను. ఈ ఉత్తరం కిటికీలోంచి లాడ్జి గుమాస్తాకిస్తున్నాను.

బతికుంటే మళ్లీ రాసే,
నీ తమ్ముడు

తా.క.: పాదిరిగారి తల్లి పక్క వీధిలోనే ఉంటుందట. ఇంతవరకు భోజనం రాలేదు.

* * *

తమ్ముడికి, నిలబడి చదవకుండా కూర్చుని చదవమని అక్క రాసేది.

నీ ఉత్తరంతోపాటే ఇంకోటి వచ్చింది. అదే లాడ్జి నుంచి. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"పంతులమ్మగారూ, మీ తమ్ముణ్ని నేను చంపేశాను. పిట్టగోడ కట్టించమంటే వినలేదు. పైగా పడి చావమన్నాను. మర్నాడు నెత్తిన ఏదో పడి స్పృహ తప్పింది. తేరుకుని మేడెక్కితే అంచున ఒక చెప్పుంది, మనిషి లేడు. వెనక కాలవ నిండుగా పారుతోంది. మీరు పటంలో చూపించిన ఊరికొచ్చేశాను. చేతులు ఊరుకోక లాడ్జి గోడగడియారం విప్పుకుని కూర్చున్నాను. పక్కగదివాడు తలుపు మీద దబదబా బాదుతున్నాడు. మీవాళ్లు పంపిన మనిషేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను."

"మీ తమ్ముణ్ని చంపేశాను" అన్నచోట, నీ ఉత్తరం చేతిలో ఉండి కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నానురా. నీ తేదీ మూడుసార్లు చూసుకున్నాను. ఇక జన్మలో పటం గీయను.

వెళ్లి తలుపు తట్టు. బతికే ఉన్నానని ముందు గట్టిగా అరిచి, తర్వాత తట్టు. లేకపోతే ఈసారి ఆయన నిజంగానే పోతాడు.

నీ అక్క

తా.క.: పోయిన వస్తువు దొరికితే సొంతదారుకి ఇచ్చేయాలని కూడా అదే ధర్మశాస్త్రంలో ఉంది. నీ చెప్పు, సుత్తి తల ఆయన దగ్గరే ఉన్నాయట.

* * *

అక్కకు, చెప్పులు రెండూ ఉన్న తమ్ముడు రాసేది.

అరిచాను. అవతల ఏదో పగిలింది. గడియారమట. ఆ తర్వాత ఇద్దరం గోడకి చెరోవైపు కూర్చుని ఏడ్చాం. తిట్టినందుకు నేను క్షమించమన్నాను. ఆయనా అన్నాడు. పిట్టగోడ నడుమెత్తా, ఛాతీ ఎత్తా అని మళ్లీ తగాదా వచ్చింది గానీ, ఎవరూ ఎవరినీ చావమనలేదు. తన కిటికీలోంచి చెయ్యి చాపి చెప్పు నా కిటికీకి అందించాడు.

ఎదురుపడదామంటే నా తలుపు తెరుచుకోవడం లేదు. జన్మలో మొదటిసారి చీల సరిగ్గా కొట్టాను.

నీ తమ్ముడు

తా.క.: గుమాస్తా వెళ్లి మా సంగతి చెబితే పాదిరిగారి తల్లి జాలిపడి మా ఇద్దరికీ భోజనం పంపింది. తలుపు పగలగొట్టడానికి పాదిరిగారే గొడ్డలి పట్టుకొచ్చారు. సందులోంచి చూస్తున్నాను. దాని పిడి వదులుగా ఉందక్కా.