పదేళ్ల సంచికలు, ఒక్క లైను

సంపాదకులు బావగారికి,

మన ఓపెన్ సోర్స్ డేటాబేస్ బృందం పత్రికకి పదేళ్లు నిండాయని, ప్రత్యేక సంచిక కోసం పాత సంచికలన్నీ పంపమన్నారు. పోయిన నెల పత్రికలో మీరే రాశారు: "రోజూ బ్యాకప్ తీస్తే చాలు, తెరిచి చూడటం టైం దండగ." ఆ ముక్క కొట్టేయమంటే, నలుగురిలో నన్ను చాదస్తపు మరదలన్నారు.

నిన్న ఆ సంచికలన్నీ దాచిన సర్వర్‌లో డిస్క్ పోయింది. మీరు పెట్టిన బ్యాకప్ తెరిచాను. రోజూ పాత ఫైలు చెరిపేసి, కొత్తది ఠంచనుగా తయారవుతోంది, మహానుభావా! లోపల మాత్రం ఒకటే లైను: "పాస్‌వర్డ్ తప్పు." పాస్‌వర్డ్ మార్చిందీ మీరే, బ్యాకప్ తీసే ప్రోగ్రాంలో దాన్ని మార్చడం మరిచిందీ మీరే.

పదేళ్లకి మిగిలింది ఇదే. ముఖచిత్రం మీద వేసుకోండి. మీ పత్రికలో బడాయి లేని వాక్యం ఇదొక్కటే.

మీ చాదస్తపు మరదలు