గడప అవతల అక్క

అక్కా,

ఆ జైలు గదిలో ఎలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు. నిన్న నీ వకీలు మా ఇంటికి వచ్చాడు. "కొత్త చట్టంతో మంత్రసానుల లైసెన్సులన్నీ రద్దయ్యాయి. ఇంట్లో కానుపు చేసిందంటే శిక్ష తప్పదు. మీ అక్కగారు గడప దాటలేదు, బిడ్డను ముట్టుకోలేదు అని కోర్టులో చెప్పమ్మా, చాలు," అన్నాడు.

సగం నిజమే. నాకు నొప్పులు ఎక్కువవుతున్నా, ఆంబులెన్సు వాళ్లు దారిలో ఉన్నాం, దారిలో ఉన్నాం అంటూనే ఉన్నారు. నువ్వేమో, "చెయ్యి వేస్తేనే నేరం, చెబితే కాదుగా," అంటూ చేతులు వెనక్కి కట్టుకుని గడప అవతలే నిలబడ్డావు. మా ఆయన చేతే అన్నీ చేయించావు. గోడకు మేకు కొట్టమంటే వేలు మీద కొట్టుకునే మనిషి! "తల పట్టుకో నాయనా, లాగకు," అని నువ్వు చెబుతూనే ఉన్నావు. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉండటం చూడగానే ఆయనకు చేతులు ఆడలేదు. అప్పుడే నువ్వు లోపలికి వచ్చావు.

పేగు తప్పించావు, వీపు రుద్దావు, నోట్లో ఊపిరి ఊదావు. వాడు ఒక్కసారి మూలిగాడు, అంతే. ఆయన గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. నాకు చెయ్యి లేపే ఓపిక లేదు. వాడు చల్లబడేదాకా ఒళ్లో పెట్టుకుంది నువ్వే.

వకీలు చెప్పమన్నట్టే చెబుతాను. నిన్ను కూడా పోగొట్టుకోలేను. కానీ అక్కా, నువ్వు ముట్టుకోలేదంటే, నా బిడ్డను ఈ లోకంలో ఎవరూ ఎత్తుకోలేదనేగా?

నీ చెల్లెలు