‘షై అవే ఫ్రమ్’ కింద నా మీద రాసిన వాక్యం

మార్చి 3
ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కొత్త ముద్రణకు ఎస్ అక్షరం ప్రూఫులు నాకు పంపారు. పాత సంపాదకుల్లో మిగిలింది ఇద్దరమే. మిగతావాళ్లు పోయారు, వాళ్ల తప్పులు మాత్రం పోలేదు. రెండోవాడు కామా. సందు దొరికితే కామా పెట్టేవాడు గనక ఆ పేరు.

‘షై అవే ఫ్రమ్’ దగ్గర ఆగాను. ముప్పై ఏళ్ల కిందట వాడు రాసిన ఉదాహరణ అలాగే ఉంది: ‘అతను డాక్టర్లంటే జంకి తప్పుకుంటాడు.’ ఆ ‘అతను’ నేనే. మా ఆఫీసులో కక్షలన్నీ ఉదాహరణ వాక్యాల్లోనే తీర్చుకునేవాళ్లం. ‘స్నోర్’ కింద గురకపెట్టేవాడిగా వాణ్ణి ఎక్కించింది నేను.

ఎర్ర సిరాతో కొట్టేశాను. హాయిగా ఉంది.

మార్చి 4
కానీ వాడకం సరిగ్గా ఉంది. అదే మంట. వానకు తడవకుండా తప్పుకోవడానికి ఈ మాట పనికిరాదు. పారిపోవడమూ కాదు. చేయగలిగిన పని, చేయాల్సిన పని, దాని ముందుకొచ్చి గుర్రంలా బెదిరి పక్కకు తిరగడం.

మార్చి 9
మెడ మీద గడ్డ ఉంది. జనవరి నుంచి. ఇక్కడ కూడా రాయలేదు.
ఈరోజు కోడలు చూసింది. ఎన్నాళ్లుగా మామయ్యగారూ అంది. నిన్నటి నుంచే అన్నాను. మఫ్లర్ జనవరి నుంచి కడుతున్నారుగా అంది.

మార్చి 11, ఉదయం 10
ఆస్పత్రి గేటు దాకా వెళ్లాను. ఎర్ర సిరా అయిపోయిందని గుర్తొచ్చింది. కొనుక్కుని ఇంటికొచ్చాను.

మార్చి 12
ఎర్ర సిరా సీసాలు ఇంట్లో ముందే రెండున్నాయి.

మార్చి 14
కామా వచ్చాడు. కోడలు ఫోన్ చేసిందట. మాకు మాటల్లేక పదకొండేళ్లు. కూర్చోమనకుండానే కూర్చున్నాడు, బల్ల మీది ప్రూఫు తీశాడు, నా ఎర్రగీత చూశాడు. కొట్టేస్తే కొట్టేశావు గానీ, నీకంటే మంచి ఉదాహరణ ఎవడైనా దొరికాడట్రా అన్నాడు. లేదన్నాను. అయితే చొక్కా వేసుకో అన్నాడు.

ఆటోలో నా మణికట్టు వదల్లేదు. ఆస్పత్రి గేటు దాటాక కూడా. గడ్డలోకి సూది గుచ్చుతుంటే కళ్లు మూసుకున్నది మాత్రం వాడు.

మార్చి 18
ఉత్త కొవ్వుగడ్డ. భయం లేదంది డాక్టరు. తర్వాత ఇంకా ఏదో చెప్పింది, వినలేదు.

బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం. నీకు కొవ్వెక్కువని ముప్పై ఏళ్ల కిందటే చెప్పా, దీనికో టెస్టు అన్నాడు కామా. పక్కవాళ్లు తిరిగి చూసేలా నవ్వాను. మఫ్లర్ ఆ బెంచీ మీదే మర్చిపోయాను. వెనక్కి వెళ్లలేదు.

మార్చి 19
ప్రెస్సుకు: ‘షై అవే ఫ్రమ్’లో కొట్టివేత రద్దు. వాక్యం ఉన్నది ఉన్నట్టే వేయండి.
‘స్నోర్’ కూడా.