ఏడడుగుల తొడుగులు, తగ్గిపోయిన ముప్పై ఒక్క కిలోలు

సికింద్రాబాదు, కాప్రాలో కాపురముంటున్న, కీర్తిశేషులు జకర్యా గారి కుమారుడు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు వెల్డరుగా పనిచేసి 2003లో రిటైరైన, అరవై ఆరేళ్ల వయసుగల జీవరాజు అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ లేవు. మనసు స్థిమితంగా ఉందని కూడా రాయాలట, వకీలు గారు చెప్పారు. తెలివి బాగానే ఉంది. స్థిమితం మాత్రం పోయిన నెల ఇరవై ఎనిమిదో తేదీ నుంచి లేదు. ఉందని అబద్ధం రాయలేను. ఇప్పటికే ఒక అబద్ధం రాసి సంతకం పెట్టాను, దాని సంగతి కింద వస్తుంది.

1. నేను కట్టించిన ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నది, సమస్తం నా భార్య కాంతమణికి చెందాలి. ఆమె బతికినంత కాలం ఆ ఇంట్లోంచి ఆమెను కదలమనే హక్కు ఎవరికీ లేదు. పోయిన ఏడాది నా ప్యాంట్లు వదులైపోతుంటే, ఇస్త్రీ బండి అతను సాగదీస్తున్నాడని వీధిలో నిలబెట్టి తిట్టాను. ఆ తర్వాత సరిగ్గా సరిపోయాయి. నా తిట్లు పనిచేశాయనుకున్నాను! కాంతమణి నాలుగుసార్లు నడుము దగ్గర లోపలికి పట్టి కుట్టిందని మొన్ననే తెలిసింది. ఎందుకు చెప్పలేదని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. "మీరు భయపడతారని చెప్పలేదండీ" అంది. నలభై ఏళ్లు కాపురం చేశాక నేను భయపడే మనిషినని ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఆ కుట్టుమిషను కూడా ఆమెదే అని వేరే రాయనక్కర్లేదు గానీ రాస్తున్నాను.

2. కాప్రా చెరువు దాటాక, రిటైరయ్యాక నేను పెట్టిన గేట్లు చేసే షెడ్డు, వెల్డింగు మిషన్లు నా కుమార్తె దేవకృపకు. పైన కింద చెప్పకుండా మిగిలిపోయిన ఆస్తి ఏదైనా ఉంటే అదీ ఆమెకే. షెడ్డు నడపడం ఇష్టం లేకపోతే అద్దెకిచ్చుకోవచ్చు. నా వెల్డింగు నల్లద్దం కూడా ఆమెకే. 1980లో సంపూర్ణ గ్రహణం రోజున ఊరంతా తలుపులు మూసుకుంటే, ఆరేళ్ల దాన్ని భుజాన ఎక్కించుకుని ఆ అద్దంలోంచి సూర్యుణ్ణి చూపించాను. గట్టిగా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

3. నా బావమరిది బుల్లబ్బాయికి బరువులెత్తే నా చైన్ పుల్లీ. 1996లో రెండు రోజులని పట్టుకెళ్లాడు. ఎలాగూ అతని దగ్గరే ఉంది కాబట్టి అప్పగించే శ్రమ ఎవరికీ లేదు. ఇకనైనా నన్ను చూసి సందు తిరిగి పారిపోవడం మానుకోవాలని మనవి.

4. ఏడడుగుల తొడుగులు రెండు. వీటిని ఎవరికీ ఇవ్వడం లేదు. నన్ను పాతిపెట్టే లోపల గ్యాసు కట్టరుతో అడుగు ముక్కలుగా కోయించాలి.

ఎందుకో అందరికీ అర్థమయ్యేలా రాస్తాను. గేట్లు ఎత్తి లారీలో పెట్టడానికి షెడ్డులో చిన్న ట్రాక్టరు ఉంది. దాని ముందు రెండు ఇనుప ఫోర్కులు, ఒక్కొక్కటి మూడున్నర అడుగులు. సీటు పక్కనున్న హ్యాండిల్ లాగితే అవి పైకి లేస్తాయి. సైనిక్‌పురిలో కొత్త బంగళాలవాళ్లకు ఎనిమిది అడుగుల ఎత్తు గేట్లు కావాలి. పడుకోబెట్టి ఎత్తితే ముందు సగం ఆసరా లేక వంగిపోయేది. అందుకని ఫోర్కుల మీదికి, కత్తికి ఒర తొడిగినట్టు, పొడవాటి ఇనుప తొడుగులు చేశాను. తొడుగు ఫోర్కుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదని వర్క్‌షాపులో కొత్తగా చేరినవాళ్లకు నేర్పిందే నేను. ఆ లెక్కన ఐదడుగుల మూడంగుళాలు. నేను ఏడడుగులు చేశాను. నా అతుకు విరగదని పొగరు. విరగలేదు కూడా, ఈ రోజుకీ చెక్కుచెదరలేదు.

బరువు అంత ముందుకు పోతే ట్రాక్టరు వెనక చక్రాలు లేస్తాయి. వెనక దిమ్మ ఏదైనా కట్టాలి. మేం కట్టలేదు. నేనే ఎక్కి నిలబడేవాణ్ణి. తొంభై ఎనిమిది కిలోల మనిషిని! వెనక కడ్డీ మీద కాళ్లు పెట్టి, చక్రం కాస్త లేవగానే మడమలతో నొక్కితే దిగేది. ఆరేళ్లు అలాగే నడిచింది. చూసినవాళ్లు నవ్వేవాళ్లు, నాకు అదో హోదాగా ఉండేది. ట్రాక్టరు నడిపే అల్లాబక్ష్ మొదటినుంచీ మొత్తుకున్నాడు. "సాబ్, గిట్ల ఎన్నొద్దులు నిలబడ్తవ్? డ్రమ్ముల కాంక్రీట్ పోసి ఎనక కడ్తా, జెర నా మాట ఇను" అనేవాడు. నేనుండగా డ్రమ్మెందుకయ్యా అని కొట్టిపారేశాను.

జూన్ తొమ్మిదో తేదీ పొద్దున పది గంటలకు, ఎప్పుడూ ఎత్తే కొలత గేటే ఎత్తాం. వెనక లేచింది. మడమలతో నొక్కాను. దిగలేదు. ఇంకా నొక్కాను. దిగలేదు! గాలిలోకి లేచిపోయాను. అల్లాబక్ష్ సీట్లోంచి ముందుకు పడ్డాడు, గేటు అంచు అతని కుడికాలి మీద పడింది. మోకాలి కింద నుంచి తీసేశారు.

అతను నేల మీద రక్తంలో ఉండగా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "హ్యాండిల్ అంత జోరుగా ఎందుకు లాగావురా!" పోలీసులకూ అదే రాసిచ్చాను. డ్రైవరు నిర్లక్ష్యమని కింద సంతకం పెట్టాను. ఆ కాగితం పట్టుకుని అతని మీదే కేసు పెట్టారు. బస్తీలో తాగి నడిపాడన్నారు. అతని భార్య సర్దార్ బీ మా గుమ్మంలోకి వచ్చి, "ఐదు పూటలు నమాజు చేసేటోడు తాగిండా సాబ్? నీ నోటితోని చెప్పు" అని అడిగింది. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను. ఛీ, నా బతుకు! అయినా అప్పటికి తప్పు అతనిదేనని నిజంగా నమ్మాను, ప్రమాణం చేసి చెబుతున్నాను.

జూలై ఇరవై ఎనిమిదిన దేవకృపను బండెక్కించడానికి సికింద్రాబాదు స్టేషనుకు వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద రంగు లైట్ల తూకం మిషను ఉంటే, ఊరికే ఎక్కి రూపాయి బిళ్ల వేశాను. అట్టముక్క పడింది. అరవై ఏడు. మిషను పాడైందని పక్కదాని మీద ఎక్కాను. అరవై ఏడు. మూడోసారీ అరవై ఏడే! ముప్పై ఒక్క కిలోలు నా ఒంట్లోంచి ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. దిగని చక్రం గుర్తొచ్చి అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. అట్టముక్క వెనకేమో నా మాటకు నలుగురిలో విలువ పెరుగుతుందని జాతకం అచ్చేసి ఉంది.

కడుపులో గడ్డ ఉందని ఆ వారమే డాక్టరు చెప్పాడు. వచ్చే వేసవి గురించి అడిగితే మాట మార్చాడు. నిజం చెప్పాలంటే, ఆ అట్టముక్కకు అదిరినంతగా ఈ వార్తకు నేను అదిరిపడలేదు.

5. ట్రాక్టరు, దాని కాగితాలతో సహా, షేక్ అల్లాబక్ష్‌కు ఇస్తున్నాను. ఆ రోజు హ్యాండిల్ అతను ఎప్పటిలాగే నెమ్మదిగా లాగాడు. తప్పు తొడుగులదీ, వెనక నిలబడ్డ నాదీ.

6. ఈ వీలునామాను మా సంఘం పాస్టరు జ్ఞానశేఖర్ గారు నా సమాధి కార్యక్రమం అయ్యాక నలుగురి ముందూ చదివి, అమలు జరపాలి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఈ రోజు పొద్దున మా వరండాలో అల్లాబక్ష్‌ను కూర్చోబెట్టి, వకీలు గారితో మొత్తం చదివించాను. సంతోషిస్తాడనుకున్నాను. చంకకర్రలు పక్కన పెట్టి అంతా విన్నాడు. ఆరో అంశం దగ్గర చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు సచ్చినంక చదువుతరా సాబ్? అప్పటిదాంక నేను తాగుబోతునేనా?" అన్నాడు. పెద్ద త్యాగం చేస్తున్నాననుకుంటూ, నా సిగ్గును శవపెట్టెలో దాచుకుంటున్నానని అప్పటిదాకా తట్టలేదు.

ట్రాక్టరు తీసుకుంటే బండి కోసం మాట మార్పించాడంటారని, అది తనకొద్దన్నాడు. సాక్షిగా సంతకం పెడతానన్నాడు. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో రాసింది చెల్లదని వకీలు గారు రెండుసార్లు చెప్పారు. "తెలిసే పెడ్తున్న. కలమియ్యండి" అన్నాడు. ఐదో అంశాన్ని కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు, అలాగే ఉంచాను.

కలం ఇవ్వక ముందే ఆటో పిలిపించాను. ఇద్దరం పోలీసు స్టేషనుకు వెళ్లాం. జూన్‌లో నేను రాసిచ్చింది అబద్ధమని అతని ఎదుటే చెప్పి, కొత్తగా రాసిచ్చాను. ఎస్సై రెండుసార్లు చదివి, నన్ను నిలబడే ఉండమని, అల్లాబక్ష్‌కు కుర్చీ వేయించాడు. తిరిగి వచ్చి సాయంత్రం నాలుగు గంటలకు ఈ సంతకం పెడుతున్నాను.

సికింద్రాబాదు,
14 ఆగస్టు 2009, శుక్రవారం.

(సం.) జీవరాజు

మా కళ్ల ముందు సంతకం చేశారని సాక్షులు:
1. షేక్ అల్లాబక్ష్, ట్రాక్టరు డ్రైవరు
2. జగదాంబ, పక్కింటి టీచరు