అత్త కప్పుల్లో ద్రాక్షరసం

అత్తా,

ఇంగ్లండ్ కుమ్మరులందరి ఎదుట, నీ అద్దాల బీరువా ఎదుట సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికకి మన అరోరా ఊళ్ళోని తెలుగు చర్చివాళ్ళు మనింటికి వచ్చారు. తీరా చూస్తే, ప్రభు సంస్కారంలో ద్రాక్షరసం పోసి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పులు పాస్టర్‌గారు మర్చిపోయి వచ్చారు. ఆయన దిక్కులు చూస్తుండగానే రూతు ఆంటీ నీ బీరువా తెరిచేసింది.

"ఇవిగో పాస్టర్‌గారూ, కరెక్ట్ సైజు! పిడులు కూడా లేవు, చర్చి కోసమే చేసినట్టున్నాయి."

"ఆంటీ, అవి యాంటిక్స్! రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్‌లో పిల్లలు ఆడుకోడానికి చేసిన బొమ్మ టీకప్పులు. కొనడానికి రేపు ఒకావిడ వస్తోంది."

"రేపు కదా? కడిగి తీసుకురా నాన్నా."

దుమ్ము తుడవడానికైనా నువ్వు నన్ను ముట్టుకోనివ్వని ఆ నీలిపూల కప్పుల్లో అందరూ ద్రాక్షరసం తాగారు. బాబూరావు అంకుల్ తన కప్పు తిప్పి చూస్తూ, "మీ అత్త వారం వారం పాతసామాన్ల షాపులు తిరిగింది వీటికోసమేనా?" అన్నాడు. వెళ్ళేదాకా దాన్ని కింద పెట్టలేదు.

అందరూ వెళ్ళిపోయాక నేనూ ఫ్రిజ్ చప్పుడూ మిగిలాం. నువ్వు చేసినట్టే టబ్బులో తువ్వాలు పరిచి, ఒక్కొక్క కప్పూ కడిగాను. ఒక్కదానికీ గీత పడలేదు. వచ్చే వారం ఈ ఇల్లు ఖాళీ చేసి షేరింగ్ రూమ్‌కి మారుతున్నాను. అక్కడ బీరువాకి చోటు లేదు, అందుకే కప్పులు అమ్ముదామనుకున్నాను.

ఇంతవరకూ జరిగిందంతా రూతు ఆంటీ పాపమే. నేను చేసింది ఒక్కటే. కొంటానన్న ఆవిడకి ఫోన్ చేసి, ప్రార్థనలో అన్నీ పగిలిపోయాయని చెప్పాను.