తాగని వాడి మెడలో మాల

కర్నూలు జిల్లా ఆలూరులో బట్టల వ్యాపారం చేసే ఇల్లూరి వీరభద్రయ్య అనే నేను, కీర్తిశేషులు సుబ్బరంగయ్య గారి పెద్ద కుమారుణ్ణి, వయస్సు యాభై ఆరు, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాయిస్తున్నాను. కాళ్లు నా మాట వినవు. కుడిచెయ్యి సగం వింటుంది. బుద్ధి మాత్రం పూర్తిగా నా స్వాధీనంలోనే ఉంది. ఈ సంగతికి ఎవరికైనా ఒక్క వాక్యం చాలు. నాకు చాలదు.

1. నా జబ్బు మల్టిపుల్ స్క్లీరోసిస్. మెదడులో నరాల మీది పొర అక్కడక్కడ ఊడిపోతుంది. 2002, 2005, 2007లో బెంగళూరులో తీసిన ఎమ్మారై ఫిల్ములు నా బీరువాలో ఉన్నాయి. వాటిలో తెల్ల మచ్చలు కనబడతాయి. కిందటి నెల నా తమ్ముడు రాఘవేంద్రప్రసాద్ పలకరింపుకని వచ్చి, ఆఖరి ఫిల్ము అడిగి తీసుకుని, మచ్చలు వేలితో లెక్కపెట్టాడు. పద్నాలుగు అన్నాడు. జాలిపడేవాడు లెక్కపెట్టడు. నేను పోయాక, అన్న మెదడంతా మచ్చలే, ఆ వీలునామా చెల్లదని కోర్టుకెక్కడానికే ఈ లెక్క అని నా అనుమానం. అందుకే నా బుద్ధి సరిగ్గా ఉందని డాక్టరు ఇచ్చిన ఉత్తరం జతచేస్తున్నాను. ఆయన నన్ను వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నాడు. నేను రెండు దగ్గరికి వచ్చి, ఇక తీయడానికి లేదన్నాను. ఆయన ఇంకా యాభై ఎనిమిది దగ్గరే ఉన్నాడు.

2. తమ్ముడికి ఏమీ ఇవ్వడం లేదు. 1994 పంపకాల్లో వాడి భాగం వాడు తీసుకున్నాడు. ఇప్పుడున్నదంతా నా స్వార్జితం. అసలు కారణం వేరు. 1998 నుంచి నేను తూలుతూ నడిచేవాణ్ణి, మాట ముద్దగా వచ్చేది. పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టినవాణ్ణి కాను. అంగడి ముందు పదిమందిలో వాడు నా మూతి దగ్గర ముక్కు పెట్టి, "యాడ తాగొస్తాండావన్నా, చెప్పు" అన్నాడు. 2000లో తొలి ఏకాదశికి వాడూ నా భార్యా కలిసి నన్ను పాండురంగస్వామి గుడికి తీసుకెళ్లారు. తాగుడు మానేవాళ్లకు అక్కడ తులసి మాల వేస్తారు. మాల మీద తాగితే దేవుడు ఊరుకోడని మా వైపు గట్టి నమ్మకం. వేసుకోనంటే, తాగనివాడికి భయమెందుకన్నారు. వేసుకుంటే తాగుబోతునని ఒప్పుకున్నట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వేసుకున్నాను.

ఆ తరువాత ఎనిమిది నెలలు నిటారుగా నడిచాను. ఈ జబ్బుకు వచ్చిపోయే గుణం ఉందని అప్పుడెవరికీ తెలియదు. చూశారా, మానేశాడు, బాగయ్యాడు అని ఊరంతా మెచ్చుకుంది. అంతకంటే అవమానం నేను పడలేదు. మరుసటి వేసవిలో అంగట్లో బట్ట చుట్టిన థాను దించుతూ కింద పడ్డాను. "మాల మీద తాగినాడు, ఇంగ మనిషి కాదు" అని తమ్ముడే చాటాడు. ఏడాది పాటు పెళ్లిబట్టల మీద నా చెయ్యి పడనివ్వలేదు జనం.

3. ఇల్లు, అంగడి, సరుకు నా భార్య రాజ్యలక్ష్మమ్మకు. మాకు పిల్లలు లేరు. అన్నం వడ్డిస్తూ వంగి నా నోటి వాసన చూసేది ఈమె. థానుల వెనక సీసాల కోసం వెతికిందీ ఈమే. 2002లో బెంగళూరులో డాక్టరును ఇది తాగుడు వల్లనా అని అడిగాను. కాదన్నాడు. మా ఇంటావిడ ముందు మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. తిరుగుప్రయాణంలో ఆమె, "తాగలేదని ముందే నాతో గట్టిగా చెప్పింటే నమ్మేదాన్ని గదా" అంది. నాలుగేళ్లుగా నేను చెప్పింది మరేమిటో. ఆరేళ్లుగా నాకు స్నానం చేయించేది, ముద్ద కలిపి పెట్టేది ఆమే. అది ప్రేమా, చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తమా అని ఈనాటికీ అనుమానమే. అనుమానం పెనుభూతమంటారు, మా ఇంట్లో అది పదేళ్లు కాపురం చేసింది. ఆమె మీద కోపముంది. ఆమె కనబడకపోతే దిగులూ ఉంది. రెండూ నిజమే.

ఆ మాల ఇప్పటికీ నా మెడలోనే ఉంది. తీస్తే మళ్లీ మొదలుపెట్టాడంటారని తీయలేదు. దహనానికి ముందు దాన్ని రాజ్యలక్ష్మమ్మే, పదిమంది చూస్తుండగా తీయాలి.

4. అంగడి అరుగు మీద ఇరవై రెండేళ్లుగా మిషను కుడుతున్న లాల్ అహమ్మద్ బతికినంతకాలం బాడుగ లేకుండా అక్కడే కుట్టుకోవచ్చు. నా పెద్ద కత్తెర కూడా అతనిదే. "సేటు నోట్లో యాలక్కాయ వాసన తప్ప ఏం ల్యాదప్పా" అని పెద్దమనుషుల ముందు చెప్పింది అతనొక్కడే. ఎవరూ వినలేదు.

5. నా మెదడును బెంగళూరు డాక్టర్లకు ఇస్తున్నాను. ఫిల్ములో శుభ్రంగా కనబడే చోట కూడా నరం దెబ్బతిని ఉండొచ్చునట. నిజంగా ఎక్కడ ఎంత చెడిందో తెలియాలంటే, ఫిల్మును పక్కన పెట్టుకుని అసలు మెదడును పరీక్షించాలట. ఇంత యంత్రం కనిపెట్టి, అది చెప్పేది సగమే అంటే మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ నమూనా ముక్క చూపి థాను అమ్మినవాణ్ణి, రెంటికీ తేడా ఎంతుంటుందో నాకు తెలుసు. నాలా తూలేవాణ్ణి ఇకమీదట ముందు డాక్టరు దగ్గరికే తీసుకెళ్తారేమో. తల కోయించడం పాపమని అడ్డుపడేవాళ్లు నా తల బతికుండగా ఏం చేశారో గుర్తుచేసుకోవాలి.

6. ఇవన్నీ అమలు జరిపే బాధ్యత రిటైర్డు హెడ్మాస్టరు దావీదురాజు గారిది. నేను పోయిన వెంటనే బెంగళూరుకు ఫోను చేయవలసిందీ ఆయనే. ఈ కాగితం నాచేత రెండుసార్లు చదివించి మరీ ఒప్పుకున్నాడు. నన్ను కూడా అనుమానించేవాడు కాబట్టే ఆయన్ను నమ్ముతున్నాను.

7. సాక్షుల్లో ఒకడిగా తమ్ముణ్ణే పిలిచాను. సాక్షి వీలునామా చదవనక్కరలేదు, నా సంతకం కళ్లారా చూస్తే చాలునని లేఖరి చెప్పాడు. వాడు చదువుతానంటే కాదనను. అడగడు. అడిగితే ఆశపడుతున్నాడని బయటపడుతుంది. సాక్షులు తాము చూసింది, నేను తెలివిలో ఉన్నానో మత్తులో ఉన్నానో, సొంత చేత్తో రాయాలి.

ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. ఇదే చెల్లుతుంది.

ఆలూరు, 19 జూన్ 2008, గురువారం.

(సంతకం) ఇల్లూరి వీరభద్రయ్య
అక్షరాలు వంకరపోయాయి కనుక వేలిముద్ర కూడా వేశాను.

సాక్షులు:

1. వీరభద్రయ్య గారు నా సమక్షంలో, చదివి తెలుసుకుని, సంతకం చేశారు. స్పృహలో, తెలివిలో ఉన్నారు. మత్తు లేదు.
(సంతకం) దావీదురాజు

2. మా అన్న నా కండ్లెదుట సంతకం చేసినాడు. పూర్తి తెలివితో ఉండాడు. చెయ్యి వణికింది జబ్బుతోనే. దగ్గర కూర్చొని చూసి రాస్తాండా, మా అన్న తాగలేదు.
(సంతకం) ఇల్లూరి రాఘవేంద్రప్రసాద్