పుష్పవల్లికి మూడేళ్ల చదువు శిక్ష

కౌలాలంపూర్,
మార్చి 2

కన్నమ్మత్తకి, నీ పుష్పవల్లి దండాలు.

ఫోన్‌లో అయితే సగం తమిళంలోకి జారిపోతానని, పెద్ద సంగతి ఏదైనా తెలుగులో ఉత్తరం రాయాల్సిందేనని నీ ఆజ్ఞ కదా. ఇది పెద్ద సంగతే. కూర్చుని చదువు.

ఇక్కడి విశ్వవిద్యాలయం ఒకటి నాకు నర్సింగ్‌లో డాక్టరేట్ చదవడానికి సీటిచ్చింది. మూడేళ్లు, ఉద్యోగం చేసుకుంటూనే. గదిలో కూర్చుని లావుపాటి పుస్తకం రాసే చదువు కాదత్తా. రోగులు రోజూ పడే ఇబ్బంది ఒకటి పట్టుకుని, మేం పనిచేసే పద్ధతి మార్చి, దానివల్ల వాళ్లకి మేలు జరిగిందని చూపించాలి. మనవాళ్ల షుగర్ సంగతి తీసుకుందామని నా ఆశ.

కానీ భయంగా ఉంది. నలభై మూడేళ్లు వచ్చాయి. నర్సు ఉద్యోగంలో రోగులచేత మిస్సీ, మిస్సీ అని పిలిపించుకుంటూ ఇరవై ఒక్క ఏళ్లు హాయిగా గడిచిపోయాయి. ఇప్పుడు కొత్త పద్ధతులంటే నా మాట ఎవరు వింటారు, నా పనిలో ఎవరు చేరతారు? ముప్పయ్యో తేదీలోగా ఔనో కాదో చెప్పాలి. అమ్మ పోయాక నన్ను పెంచి మిస్సీని చేసింది నువ్వు. నువ్వు సరేనంటేనే సంతకం పెడతాను. వాళ్లిచ్చిన కాగితం నకలు జతచేశాను.

నీ పిల్ల,
పుష్ప

తా.క. మా ఆయన, మాట చివర ఇక్కడివాళ్ల ‘లా’ తగిలించి, ‘నువ్వు చదువుకో లా, వంట నేను చూసుకుంటా’ అన్నాడు. నన్ను వెనక్కి లాగుతున్నవాటిలో అదొకటి.

———

కౌలా సెలంగోర్,
మార్చి 7

మా పుష్ప గుంటకి అత్త దీవెన్లు.

ఓలమ్మోలమ్మ! ఏటి సేసినావే?

నా దగ్గర దాయకు. మీ మావయ్య ఎస్టేట్ ఆస్పత్రిలో కట్లు కట్టి మందులిచ్చే రోజుల్లో, మందు తప్పిచ్చినోణ్నే మళ్లీ పాఠాలకి పంపేవోరు. సక్కగా పన్జేసినోణ్ని ఒక్కణ్నీ పంపలేదు. కంట్లో ఏసే మందు ఒకలి సెవిలో ఏసినాడని మావయ్యకి మూడు వారాలు పడ్డాయి. క్లాంగ్‌లో పెళ్లికి ఎల్లినాడని ఊరందరికీ సెప్పుకున్నాను.

కంటి మందుకి మూడు వారాలైతే, నీకు మూడేళ్లు దేనికేసినారు? మనిషి బతికే ఉన్నాడా?

నువ్వు బెంగెట్టుకోకు. పెంచినదాన్ని, నాను సూసుకుంటాను.

కన్నమ్మత్త

తా.క. రాములోరికి నూటొక్క కొబ్బరికాయలు మొక్కినాను. నీ తప్పు పెద్దదైతే బేగి సెప్పు, కాయలు పెంచుతాను.

———

కౌలాలంపూర్,
మార్చి 12

అత్తా, ముందు మంచినీళ్లు తాగు. ఎవరూ చావలేదు. ఎవరి చెవిలోనూ ఏ మందూ పోయలేదు. ఇది శిక్ష కాదు. ఎవరూ పంపలేదు, నేనే దరఖాస్తు పెట్టుకున్నాను. నాలాంటివాళ్లు ఎందరో అడిగితే కొద్దిమందికే సీటిచ్చారు.

నాకు కావలసింది ఒక్క మాట. చదవనా, మాననా?

దయచేసి ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పకు.

పుష్ప

తా.క. సెల్లప్పన్ ఎవరు? నిన్న ఫోన్ చేసి, ‘తప్పు ఎవరికైనా జరుగుతుందమ్మా, మేమంతా ఉన్నాం’ అని ఒకటే ఏడుపు. చివరికి నేనే ఆయన్ని ఓదార్చాను.

———

కౌలా సెలంగోర్,
మార్చి 18

పుష్పా, నువ్వే అడిగి ఎల్తన్నావని రాసినావు సూడు, అక్కడే నాకు అనుమానం తీరిపోనాది. మీ మావయ్య కూడా అచ్చం అలగే అన్నాడు.

ఇంక భయం లేదు. శనారం భజన అయ్యాక అందరికీ అర్జీ సదివి ఇనిపించినాను. ‘మా పిల్ల తప్పు సేసినా సెయ్యకపోయినా మేం సెమించినాం, మీరూ సెమించి సదువు రద్దు సెయ్యండి’ అని. అరవై మూడు పేర్లు! ఒట్టి సంతకాలు కాదు. నువ్వు సెలవు రోజుల్లో వచ్చినప్పుడు ఎవలికేటి మేలు సేసినావో, షుగర్ ఎంతుండేదో, ఎంతకి దిగిందో, ఫోను నంబర్లతో సహా అన్నీ రాసినారు. నువ్వు పంపిన నకలు మీదున్న అడ్రసుకి రిజిస్టర్ పోస్టులో పంపినాను.

కన్నమ్మత్త

తా.క. ఆ సెల్లప్పన్ గుడికి పూలిచ్చేవోడు. మంచోడే గానీ ఏడుపు జాస్తి.

మళ్లీ తా.క. షుగరున్న మన అప్పడు ఒక్కడు మాత్రం సంతకం పెట్టలేదు. డురియన్ పండు మాన్పించినావని నీ మీద కోపం. ‘సదువుకోనీ లా! మూడేళ్లు నా జోలికి రాదు’ అన్నాడు.

———

కౌలాలంపూర్,
మార్చి 28

అత్తా,

నీ ఉత్తరం చూసి మొదట ఒళ్లు మండింది, తర్వాత ఏడ్చాను. ఊరంతా నన్ను హంతకురాలిని చేసింది, ఇక విశ్వవిద్యాలయం ముందు తలెత్తుకునేది ఎలాగ? సీటు వద్దని రాసుకుని, ఆ కాగితం నా చేత్తోనే ఇచ్చేద్దామని నిన్న వెళ్లాను.

లోపల ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చున్నారు. బల్ల మీద నీ అర్జీ ఉంది. వాళ్లలో ఎవరికీ తెలుగు రాదు. కవరు మీద ఇంగ్లీషులో ఉన్న నా పేరు ఒక్కటే పోల్చుకుని, ‘నీ గురించే కదా, నువ్వే చదివి చెప్పు’ అన్నారు.

ఏం చేయను? చెప్పాను. సెమించండి అన్న దగ్గర ముగ్గురూ పడిపడి నవ్వారు. ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత పేర్లు మొదలుపెట్టాను. ‘నేను వసంతిని. కాలు తీసేస్తామన్నారు. పుష్ప ఆదివారం ఆదివారం వచ్చి కట్టు కట్టింది. అదే కాలితో గుడికి నడిచొచ్చి సంతకం పెట్టినాను.’ వీళ్లకి ఇదంతా గుర్తుందని నాకు తెలియదు. నా మాట ఎవరు వింటారని నెల్లాళ్లుగా భయపడి చచ్చాను. విన్నవాళ్లందరూ వరసగా నా చేతిలోనే ఉన్నారు.

అందరికన్నా పెద్దావిడ అడిగింది: ‘ఇలాంటి పనికి మనుషులు దొరక్క చాలామంది ఏడాదంతా తిరుగుతారు. నీకు వీళ్లు ఇప్పటికే ఉన్నారు. నిన్ను చదవనివ్వొద్దని వీళ్లు అడుగుతున్నారు. ఇంతకీ నువ్వేమంటావు?’

‘చదువుతాను’ అన్నాను. సీటు వద్దని రాసిన కాగితం సంచిలోనే ఉండిపోయింది. ఒప్పుకోలు కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టేశాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నెల రోజుల బరువు దిగిపోయింది.

చదువు ఆపమని నువ్వు పంపిన అర్జీతోనే నా చదువు మొదలైంది. నీకు కోపం రాకూడదు. ఇప్పుడు వాళ్లందరినీ ఒక్కొక్కరినీ అడిగి, ఇష్టమైతేనే చేర్చుకోవాలి. అందుకు మళ్లీ సంతకాలు కావాలి. ఈసారి భజనకి నేనే వస్తాను.

శిక్ష పడ్డ నీ పిల్ల,
పుష్ప

తా.క. అరవై మూడు పేర్లన్నావు, మనుషులు అరవై ఇద్దరే లెక్కకొచ్చారు. గుడి కాగితం ఏదైనా మొదటి పేరు రాములవారిదే రాయడం మనకి అలవాటు కదా, అర్జీలోనూ అలాగే పెట్టావు. ఆయనకి వయసు లేదు, ఫోను నంబరు లేదు, షుగర్ ఎంతో లేదు. ‘ఈ మొదటి పేషెంట్‌ని చేర్చుకుంటున్నావా?’ అని పెద్దావిడ అడిగింది. ఏటేటా అన్ని బిందెల పానకం పుచ్చుకునే మనిషిని వదలడం మంచిది కాదని, చేర్చుకుంటానన్నాను.